ఎత్తుకుపోయినవాళ్ళు ఎంతమంది?

వానాకాలంలో బస్తర్‌లోని మా బచేలి మీదికి సాయంత్రమయ్యేసరికి మబ్బు దిగుతుంది. బైలాడిలా కొండ సగానికి పైన ఏమీ కనిపించదు. చీకటి పడ్డాక ఆ మబ్బు కాస్త చెదిరితే, నేలతో సంబంధమే లేనట్టు, ఆకాశం మధ్యలో దీపాల వరుస ఒకటి తేలుతుంది. అది ఆకాశ్‌నగర్. 1977 నుంచి ఎన్‌ఎండీసీ వాళ్ళు ఇనుప రాయి తవ్వుతున్న ఐదో నంబరు డిపాజిట్ అక్కడే. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు ఆ దీపాల వైపు తలెత్తరు. విజయనగరం నుంచో పార్వతీపురం నుంచో కిరండూల్ పాసింజరెక్కి మొదటిసారి వచ్చిన చుట్టాలు మాత్రం వీధిలో నిలబడిపోతారు. "ఆ లైట్లేటమ్మా, ఆకాశంలో?" అని అడుగుతారు. కొండ మీద గని ఉందనీ, అవి దాని దీపాలనీ చెబుతాం. సరేనంటారు. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తారు. నన్ను చాలాకాలంగా వదలని సంగతి ఆ వెనక్కి తిరిగి చూడటమే. కారణం తెలిసిపోయింది కదా, మరి ఇంకా దేన్ని చూస్తున్నట్టు? చూసినదానికీ, దానికి మనం చెప్పుకున్న కారణానికీ మధ్య కొంచెం ఖాళీ మిగిలిపోతుందేమో. ఆ ఖాళీలోకి ఏ కథ వచ్చి కూర్చుంటుందన్నది మనం ఏ ఊళ్ళో ఉన్నాం, ఎవరి మధ్య పెరిగాం అన్నదాన్ని బట్టి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

మా వీధిలో గనిలో పనిచేసే ఒకాయన ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, పగలు కిటికీ కర్టెన్లు వేసుకుని పడుకుంటాడు. ఒకరోజు టీ కొట్టు దగ్గర, జ్వరం వచ్చిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. "కళ్ళు తెరిచే ఉన్నానండీ. కిటికీ కనపడతంది. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు తోమడం వినపడతంది. కాలూ కదల్దు, చెయ్యీ కదల్దు. గుండెల మీద ఎవరో కూకున్నారు. పిలుద్దామంటే గొంతు పెగల్దు." పక్కనున్న టీ కొట్టతను, అతనిది జగదల్‌పూర్, తనకీ అవుతుందన్నాడు. ఇంకో కుర్రాడు ఏమీ అనలేదు గానీ గ్లాసు కింద పెట్టి విన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇంటికి వస్తున్నంతసేపూ ఒకటే ప్రశ్న నాకు. ఈ చిన్న ఊళ్ళో ఇలాంటిది ఎంతమందికి అయి ఉంటుంది? అయినవాళ్ళలో ఎంతమంది చెబుతారు? చెప్పినవాళ్ళ మాటని విన్నవాళ్ళు ఏ పద్దులో రాసుకుంటారు?

ఇలాంటి లెక్క ఒకటి నిజంగానే కట్టారు, కాకపోతే ఇక్కడ కాదు. 1991 జులై నుంచి సెప్టెంబరు దాకా అమెరికాలో రోపర్ అనే సర్వే సంస్థ మూడు విడతలుగా 5,947 మంది పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళినవాళ్ళు అడిగిన మామూలు ప్రశ్నల్లో కొన్ని ప్రత్యేకమైనవి కలిసి ఉన్నాయి. వాటిని కలిపింది బడ్ హాప్కిన్స్ అనే చిత్రకారుడు, డేవిడ్ జేకబ్స్ అనే చరిత్ర ఆచార్యుడు. వేరే లోకాల నుంచి వచ్చిన జీవులు మనుషుల్ని ఎత్తుకుపోయి, పరీక్షించి, జ్ఞాపకం చెరిపేసి తిరిగి దింపుతున్నాయని ఇద్దరూ గట్టిగా నమ్మినవాళ్ళు. ఖర్చు పెట్టుకున్నవాళ్ళలో లాస్ వేగస్ వ్యాపారి రాబర్ట్ బిగెలో ఒకడు. జ్ఞాపకమే చెరిపేస్తే మనిషిని సూటిగా అడిగి లాభం లేదు కదా. అందుకని "మిమ్మల్ని ఎవరైనా ఎత్తుకుపోయారా?" అని అడగలేదు. ఐదు గుర్తులు అడిగారు. కదల్లేని స్థితిలో మెలకువ వచ్చి, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించిందా? గంటో అంతకన్నా ఎక్కువో కాలం ఎలా గడిచిందో, ఎక్కడున్నారో గుర్తు లేకుండా పోయిందా? ఎలాగో తెలియకుండా గాలిలో ఎగిరినట్టు అనిపించిందా? గదిలో వింత వెలుగులు, వెలుగు బంతులు కనిపించాయా? ఎప్పుడు పడిందో ఎవరికీ గుర్తులేని మచ్చ ఒంటి మీద ఉందా? మొదటిదానికి 18 శాతం మంది అవునన్నారు. రెండోదానికి 13, మూడోదానికి 10, చివరి రెండింటికీ ఎనిమిదేసి శాతం. ఐదింటిలో నాలుగో అంతకన్నా ఎక్కువో ఉన్నవాళ్ళు 119 మంది తేలారు. అంటే రెండు శాతం. అమెరికాలో అప్పుడు పెద్దవాళ్ళు పద్దెనిమిదిన్నర కోట్లు. రెండు శాతం అంటే 37 లక్షలు. ఆ అంకెతో ఒక నివేదిక అచ్చువేసి 1992లో దాదాపు లక్షమంది మానసిక వైద్యులకీ, ఆ రంగంలో పనిచేసే వాళ్ళకీ టపాలో పంపారు.

37 లక్షలు. ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఫిలిప్ క్లాస్ అనే విలేకరి దాన్ని రోజుల్లోకి మార్చి చూశాడు. ఈ కథల్లో మొదట దేశమంతా మోగినది న్యూ హాంప్‌షైర్‌కి చెందిన బెట్టీ, బార్నీ హిల్ దంపతులది. అది 1961 సెప్టెంబరులో జరిగిందని వాళ్ళు చెప్పారు. అప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళు లెక్కేస్తే, ఒక్క అమెరికాలోనే రోజుకి సుమారు 340 మందిని ఎత్తుకుపోయి ఉండాలి. ఒక్క రోజు కూడా సెలవు లేకుండా, ఒక్క పొరుగువాడి కంటా పడకుండా. ఆ సర్వేలోనే ఇంకో చిన్న ప్రశ్న ఉంది, నాకు అన్నిటికన్నా అదే ముఖ్యమనిపించింది. "ట్రాండెంట్" అనే మాట విన్నా చూసినా మీకు మాత్రమే తెలిసిన రహస్యార్థం ఏదో స్ఫురించిందా అని అడిగారు. అలాంటి మాట లేదు, ఊరికే కల్పించింది. జనం దేనికైనా తలూపుతారేమో చూడటానికి పెట్టారు. దానికి కూడా నూటికి ఒకరు అవునన్నారు. ఒక శాతమే కదా, తక్కువే కదా అని దాన్ని ధైర్యంగానే తీసుకున్నారు. కానీ దేశం మొత్తానికి చూసుకుంటే ఆ ఒక శాతం పద్దెనిమిదిన్నర లక్షల మంది. నూటికి ఇద్దర్ని వెతుకుతున్నప్పుడు, లేని మాటకే నూటికి ఒకరు అవునంటుంటే, చేతికొచ్చిన లెక్కలో ఎంత గట్టిది, ఎంత పొల్లు? చాలా అరుదైన సంగతిని వెతికే ఏ సర్వేకైనా ఈ చిక్కు తప్పదు. అడిగినవాళ్ళు మోసగాళ్ళని నేను అనుకోవడం లేదు. వెతుకుతున్నది ఉందని ముందే నమ్మారు. ఆ నమ్మకంలోంచే ప్రశ్నలు పుట్టాయి.

ఆ ఐదు ప్రశ్నలూ పట్టుకుని బచేలిలో ఇల్లిల్లూ తిరిగితే ఏమవుతుందని ఆలోచించాను. మొదటిది మా వీధి ఆయనకే ఉంది. మూడు షిఫ్టుల్లో నడిచే గని ఊళ్ళో, నిద్ర వేళలు వారం వారం మారే ఇళ్ళల్లో, అది ఆయన ఒక్కడితో ఆగదు. గంటల కొద్దీ కాలం గుర్తు లేకపోవడం? విశాఖ నుంచి వచ్చే బండిలో, కొత్తవలస దాటాక ఒకదాని వెనక ఒకటి సొరంగాలు మొదలై, చీకటీ వెలుగూ మారి మారి మొహాన పడుతుంటే, అరకు ఎప్పుడు వెళ్ళిందో కొరాపుట్ ఎప్పుడు వచ్చిందో తెలియనివాళ్ళు ఆ బండి నిండా ఉంటారు. ఎగరడమా? కలల్లో ఎవరు ఎగరలేదు గనక. వెలుగులకైతే ఈ ఊరికి కొదవే లేదు. మబ్బులో ఆకాశ్‌నగర్ దీపాలున్నాయి, ఘాట్ రోడ్డు మలుపు తిరిగే బండి హెడ్‌లైటు కిటికీలోంచి దూరి గోడ మీద పాకిపోతుంటుంది. ఇక మచ్చలు. రాయితో ఇనుముతో పనిచేసే మగవాళ్ళ చేతులు చూడండి, కట్టెల పొయ్యి దగ్గర పెరిగిన ఆడవాళ్ళ మోచేతులు చూడండి. ఏ మచ్చ ఏ రోజు పడిందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? నాకు తోచినంతలో, రోపర్ లెక్కన మా ఊళ్ళో నూటికి ఇద్దరు కాదు, నూటికి ఇరవైమంది తేలినా ఆశ్చర్యం లేదు. ఇంత చేసీ ఆకాశం నుంచి ఎవరో వచ్చి తనను తీసుకుపోయారని ఈ ఊళ్ళో ఏ ఒక్కరి నోటా నేను వినలేదు. గుర్తులన్నీ ఉన్నాయి, కథ మాత్రం లేదు. ఎందుకు లేదు?

ఆ ప్రశ్న విప్పుకోవాలంటే ముందు నిద్ర గురించి చెప్పుకోవాలి. కలలొచ్చే నిద్రలో మెదడు ఒంటి కండరాలను వదులు చేసి ఉంచుతుంది, కలలో పరుగెత్తితే మంచం మీద కాళ్ళు పరుగెత్తకుండా. ఒక్కోసారి మెలకువ ముందు వస్తుంది, కండరాల కట్టు ఇంకా వీడదు. కల కూడా పూర్తిగా తెగదు. కళ్ళు గదిని చూస్తుంటాయి, గదిలోకి కల మనిషి వస్తాడు. ఛాతీ కండరాలు మన మాట వినవు, ఊపిరి మనం అనుకున్నట్టు పీల్చలేం, అందువల్ల గుండెల మీద బరువు. కొన్ని క్షణాలో ఒకటి రెండు నిమిషాలో ఉండి వదిలేస్తుంది. దీన్నే నిద్ర పక్షవాతం అంటున్నారు. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 35 అధ్యయనాలను, అంటే 36,533 మంది అనుభవాలను ఒక్కచోట చేర్చి చూశారు. జీవితంలో ఒక్కసారైనా అయినవాళ్ళు మామూలు జనంలో 7.6 శాతం. విద్యార్థుల్లో 28.3 శాతం. నిద్ర తక్కువైనవాళ్ళలో, వేళలు తప్పినవాళ్ళలో, వెల్లకిలా పడుకునేవాళ్ళలో ఇది ఎక్కువ. ఈ లెక్క నాకు నచ్చడానికి కారణం, వాళ్ళు అడిగింది ఏదో అదే లెక్కపెట్టారు. ఒక గుర్తుని పట్టుకుని వెనక దాక్కున్న మరోదాన్ని లెక్కించామని చెప్పలేదు.

మా అమ్మమ్మకి ఈ అంకెలేవీ తెలియవు. విజయనగరం దగ్గర పల్లెలో బాలింత తలగడ కింద ఇనుప ముక్క పెట్టేది, పిల్లలు నిద్రలో ఉలిక్కిపడితే కొడవలి తెచ్చి మంచం కింద పెట్టేది. ఇనుముంటే దయ్యం దగ్గరికి రాదని. ఈ ఊరికి వచ్చాక ఆ మాట ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. కొండకి కొండే ఇనుము ఇక్కడ, అరవై శాతం దాటిన ఇనుము, అయినా దాని పాదాల దగ్గర పడుకున్న మనిషి గుండెల మీద ఎవరో వచ్చి కూర్చుంటూనే ఉన్నారు. ఇక్కడి గోండు పల్లెల్లో ఇలాంటి రాత్రి తర్వాత ఊరి భూతవైద్యుల దగ్గరికి, అంటే సిరహా దగ్గరికో గునియా దగ్గరికో వెళ్తారు. బైలాడిలా రాయి ఓడలెక్కి ఏళ్ళ తరబడి చేరిన జపాన్‌లో ఇదే అనుభవాన్ని కనషిబరి అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ జాలరుల ఊళ్ళలో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. డేవిడ్ హఫర్డ్ అనే జానపద పరిశోధకుడు అక్కడి వాళ్ళ దగ్గర విని 1982లో పుస్తకమే రాశాడు. ఆయన చెప్పిన సంగతుల్లో నన్ను పట్టి ఆపినది ఒకటుంది. ఆ కథ ముందెన్నడూ వినని మనుషులు కూడా అవే వివరాలు చెప్పారు. అంటే కథ వల్ల అనుభవం పుట్టడం లేదు. అనుభవం ముందే ఉంది. దానికి ఎవరి ఊళ్ళో దొరికిన కథ వాళ్ళు తొడుక్కుంటున్నారు. 1960ల తర్వాత అమెరికాలో పుస్తకాల్లో, టీవీల్లో, సినిమాల్లో చేతికి దొరికిన కథ, పెద్ద కళ్ళున్న జీవులది. మాకు దొరికింది దయ్యం. అంకె పెరిగినా తగ్గినా అది కథల మార్కెట్టు తీరే తప్ప ఆకాశంలో రాకపోకలు కావు. ఇది నా నమ్మకం, ఇప్పటిదాకా దీన్ని కదిలించే ఆధారం నా కంటబడలేదు.

అయితే బస్తర్‌లో ఆకాశం కథ బొత్తిగా లేదనడానికి వీల్లేదు. జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ వెళ్ళే దారిలో, కేష్‌కాల్ ఘాట్ దిగి, కాంకేర్ దాటాక చారామా వస్తుంది. 1998లో జిల్లాలు విడదీసే దాకా అదీ బస్తరే. 2014 జులైలో ఆ చారామా పేరు దేశంలోని పత్రికలన్నిట్లో పడింది. చందేలి, గోటిటోలా గ్రామాల దగ్గర రాళ్ళ మీద పదివేల ఏళ్ళ నాటివని చెప్పిన బొమ్మలున్నాయి. ముక్కూ నోరూ లేని మొహాలు, చేతిలో ఆయుధం లాంటిది, గుండ్రటి వాహనం లాంటిది. రాష్ట్ర పురావస్తు శాఖకి చెందిన జె.ఆర్. భగత్ ఇవి వేరే గ్రహాల వాళ్ళ బొమ్మలు కావచ్చన్నారు, నాసా, ఇస్రోల సాయం అడుగుతామన్నారు. ఆ వార్తలో అందరూ బొమ్మల దగ్గరే ఆగిపోయారు. నేను ఆగింది ఊరివాళ్ళు చెప్పిన మాట దగ్గర. పూర్వం రోహేలా అనే పొట్టివాళ్ళు గుండ్రటి దానిలో ఆకాశం నుంచి దిగేవాళ్ళట. ఊళ్ళోంచి ఒకరిద్దర్ని తీసుకుపోయేవాళ్ళట. పోయినవాళ్ళు మళ్ళీ రాలేదట.

బొమ్మల సంగతి నాకు అంత వింతగా అనిపించలేదు. దంతెవాడ వైపు దండామి మాడియా మగవాళ్ళు నాట్యానికి పెట్టుకునే అడవిదున్న కొమ్ముల కిరీటం చూసినవాళ్ళకి తెలుస్తుంది. దాని ముందు గవ్వల తోరణాలు వేలాడి మొహాన్ని కప్పేస్తాయి. ఆ నర్తకుణ్ణి రాతి మీద నాలుగు గీతల్లో వేయమంటే ముక్కూ నోరూ ఎక్కడి నుంచి వస్తాయి? పదివేల ఏళ్ళ కిందట ఏం పెట్టుకునేవాళ్ళో ఎవరు చెప్పగలరు గానీ, మొహం దాచుకున్న మనిషి మనిషే కదా అని ముందు అనుకోవాలి. కానీ ఆ కథలోని చివరి మాటని అంత తేలిగ్గా తీసేయలేను. "పోయినవాళ్ళు మళ్ళీ రాలేదు." హాప్కిన్స్ కథల్లో అందరూ తెల్లారేసరికి తిరిగి వస్తారు. ఇక్కడి కథలో రారు. ఈ తేడా ఊరికే వచ్చింది కాదనిపిస్తుంది.

ఎత్తుకుపోయారు అంటే ఈ నేల మీద ఎవరూ ఆకాశం వైపు చూడరు. 2011 ఫిబ్రవరిలో పక్కనున్న మల్కన్‌గిరి కలెక్టరు, మన తెలుగువాడు, ఆర్. వినీల్ కృష్ణని మావోయిస్టులు తీసుకుపోయారు. 2012 ఏప్రిల్‌లో సుక్మా కలెక్టరు అలెక్స్ పాల్ మీనన్‌ని. ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు, వచ్చేదాకా టీవీలన్నీ రోజులు లెక్కపెట్టాయి. 2005లో మావోయిస్టులకి ఎదురుగా సల్వా జుడుం అనే సాయుధ ఏర్పాటు మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ పల్లెల్లోంచి వేల మంది ఇళ్ళు వదిలి, ఖమ్మం, భద్రాచలం వైపు అడవుల్లోకి వలస వెళ్ళారు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటు చెల్లదంది. ఏటా మిరప కోతలకి ఇక్కడి పిల్లలు తెలంగాణ తోటలకి పోతారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడితే, అలా పోయిన 12 ఏళ్ళ ఆడపిల్ల బీజాపూర్ జిల్లాలోని ఇంటికి అడవి దారిన నడుస్తూ, ఊరు చేరకుండానే చనిపోయింది. ఊరు ఊరంతా ఖాళీ అవడం, ఇంటికి ఒకరిద్దరు వెళ్ళి రాకపోవడం, ఇవి ఈ కొండల్లో నిన్నా మొన్నటి సంగతులు. పాతకాలంలోనూ ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోయే ఉంటారు, గుర్రాల మీదో, దళారుల మాట మీదో. ఆ లేనితనానికి పేరు కావాల్సి వచ్చినప్పుడు రోహేలా వచ్చి ఉండవచ్చునని నా ఊహ. ఊహే. కానీ గుండ్రటి వాహనం కన్నా ఈ ఊహకి ఈ నేలలో ఎక్కువ వేళ్ళున్నాయి.

ఇంతా అనుకున్నాక కూడా, తమని ఎవరో తీసుకెళ్ళారని చెప్పే ఆ అమెరికా మనుషుల్ని అబద్ధాలకోరులని అనడానికి నాకు నోరు రాదు. 2004లో హార్వర్డ్‌లో రిచర్డ్ మెక్‌నాలీ, ఆయన బృందం అలాంటి పదిమందిని కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పిన కథనే రికార్డు చేసి వినిపించారు. గుండె దడ, చెమట కొలిచారు. యుద్ధాల్లో, దాడుల్లో నిజంగా దెబ్బతిన్నవాళ్ళ ఒళ్ళు ఎలా స్పందిస్తుందో వీళ్ళ ఒళ్ళూ అంత గట్టిగా స్పందించింది. జరిగిందని మనస్ఫూర్తిగా నమ్మితే చాలు, ఒళ్ళు దాన్ని జరిగినట్టే భరిస్తుంది. అదే బృందంలో సుజన్ క్లాన్సీ 2005లో తన పుస్తకంలో చెప్పిన దాని ప్రకారం, వీళ్ళలో చాలామంది కథ ఒక నిద్ర పక్షవాతం రాత్రితో మొదలవుతుంది. తర్వాత అర్థం కోసం వెతుకుతారు. వెతుకుతుంటే ఎవరో ఒకరు, ఒక్కోసారి హిప్నాసిస్ చేసే మనిషే, అర్థాన్ని చేతికిస్తారు. ఆ ఇచ్చే చెయ్యి మీదే నాకు అభ్యంతరం. భయంతో ఉన్న మనిషికి, ఏం జరిగిందో ఇంకా అడక్కుండానే, ఎవరు చేశారో చెప్పడం. డాక్టరు చెప్పినా, గునియా చెప్పినా, సర్వే కాగితం చెప్పినా అది ఒక్కటే పని.

మీ ఇంట్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళుంటే, హాస్టల్లో పరీక్షలకి మేలుకుని చదివే పిల్లలుంటే, కాన్పయి నిద్రలేని ఆడబిడ్డ ఉంటే, ఒకసారి అడగండి. దయ్యం వచ్చిందా అని కాదు, ఏం జరిగిందమ్మా అని అడగండి. చెప్పింది మధ్యలో ఆపకుండా వినండి. కదల్లేక గుండెల మీద బరువు పడిన సంగతే అయితే, ఇది లోకమంతటా ఉన్నదే, ప్రాణానికి ముప్పు లేదు, నిద్ర సరిపోతే, పక్కకి తిరిగి పడుకుంటే చాలావరకు తగ్గుతుందని చెప్పండి. తరచుగా వస్తున్నా, పగలు పనిలో ఉండగానే నిద్ర ముంచుకొస్తున్నా డాక్టరుకి చూపించండి.